కహాతీయుల పాఠం చెప్పబోతున్న మా అమ్మాయికి

చిట్టితల్లీ, నీకు దీవెనలు.

సండే స్కూల్లో మూడు వారాలు కహాతీయుల సేవ గురించి, అంటే ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారంలోని పవిత్ర సామాను మోసిన లేవీయుల గురించి చెప్పబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగా అనిపించింది, ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. దావీదు గొల్యాతు కథయితే నాకు దిగులే లేదు. సంఖ్యాకాండం నాలుగో అధ్యాయం పిల్లల ముందు పెట్టడమంటే మాటలు కాదు.

ముందే చదువుకో, రాత్రి త్వరగా పడుకో, గొంతు జాగ్రత్త.

మొదట వంశం తేల్చు. లేవికి ముగ్గురు కొడుకులు: గెర్షోను, కహాతు, మెరారి. మోషే, అహరోను కహాతు మనవలే. అయినా యాజకత్వం దక్కింది అహరోను కుటుంబానికి, మిగతా కహాతీయులకు మోత పని. ఇది సరిగ్గా చెప్పకపోతే మూడో వారం కోరహు మోషే అహరోనుల మీద ఎందుకు తిరగబడ్డాడో పిల్లలకు అర్థం కాదు. అతనూ కహాతు మనవడే మరి.

ఈ సేవకు లెక్కపెట్టిన కహాతీయులు, 30 నుంచి 50 ఏళ్ల లోపు మగవాళ్లు, 2,750 మంది. మందసం (పది ఆజ్ఞల పలకలుంచిన పవిత్రమైన పెట్టె), సన్నిధి రొట్టెల బల్ల, దీపవృక్షం, వేదికలు వాళ్ల బాధ్యత. ఇశ్రాయేలు ప్రధానులు 6 బండ్లు, 12 ఎడ్లు తెచ్చిస్తే మోషే రెండు బండ్లు గెర్షోనీయులకు, నాలుగు మెరారీయులకు ఇచ్చాడు. కహాతీయులకు ఒక్కటీ ఇవ్వలేదు. వాళ్లు భుజాల మీదే మోయాలి.

మందసం థర్మాకోల్‌తో చేస్తున్నావట. పొడవు రెండున్నర మూరలు, వెడల్పూ ఎత్తూ ఒకటిన్నర. కొలత పిల్లల మూరలతోనే వేయించు. మోతకర్రలు మాత్రం ఒకసారి ఉంగరాల్లో దూర్చాక తీయనివ్వకు.

కప్పే పని నువ్వే చేసి చూపించు. దండు కదిలే వేళ అహరోను, అతని కొడుకులు లోపలికెళ్లి అడ్డతెర దించి దానితోనే మందసాన్ని కప్పేవాళ్లు. దాని మీద తోలు, ఆ పైన నీలిబట్ట. మిగతా సామానుకు పైకి తోలే కనిపిస్తుంది, పైన నీలం ఉండేది మందసానికొక్కదానికే. అంతా కప్పాకే కహాతీయులు రావాలి. ముట్టకూడదు, ఒక్క క్షణం చూడనూ కూడదు, చస్తారు. అక్కడ ఆగి 18, 19 వచనాలు చదివించు. కహాతీయుల్ని నాశనం కానివ్వకండి, వాళ్లు చావక బతికేలా ఇలా చేయండి అని దేవుడు మోషే అహరోనులకు చెబుతున్నాడు. మోసేవాళ్ల ప్రాణం కప్పేవాళ్ల చేతిలో పెట్టాడు తల్లీ! ఇంత ప్రేమగల మాటను చాలామంది దాటేసిపోతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక ఉజ్జా, మందసాన్ని ముట్టి చనిపోయినవాడు. నా భయమంతా అక్కడే. మా పాత ఊళ్లో ఒక టీచరు ఉజ్జా చావు కళ్లకు కట్టినట్టు చెప్పింది. మరుసటి ఆదివారం ఒక పిల్లాడు ప్రభు బల్ల పక్కగా నడవనని వాళ్లమ్మ కొంగు పట్టుకుని ఏడ్చాడు. ‘చెయ్యి తగిలితే చచ్చిపోతా’ అన్నాడు. వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఒళ్లంతా వణుకుతోంది. నీ క్లాసులోనూ అలాంటి పిల్లలుంటారు.

అందుకే కథ ఉజ్జా చేతి దగ్గర మొదలుపెట్టకు, బండి దగ్గర మొదలుపెట్టు. యుద్ధంలో మందసాన్ని పట్టుకుపోయిన ఫిలిష్తీయులు దాన్ని తిప్పి పంపినప్పుడు కొత్త బండి కట్టారు. వాళ్లకు ధర్మశాస్త్రం తెలియదు, సరే. తర్వాత మందసాన్ని యెరూషలేముకు తేబోయిన దావీదు రాజుకు తెలియొద్దూ? సహస్రాధిపతులతో ఆలోచన చేశాడు, 30,000 మందిని కూడగట్టాడు, సితారాలూ తంబురలూ తాళాలూ అన్నీ సిద్ధం చేశాడు. భుజాన మోయాలన్న సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. అబీనాదాబు కొడుకులు ఉజ్జా, అహ్యో కొత్త బండి తోలారు. కళ్లం దగ్గర ఎడ్లకు కాలు జారింది. ఉజ్జా చెయ్యి చాపాడు, అక్కడే చనిపోయాడు.

దావీదు భయపడిపోయి మందసాన్ని ఓబేదెదోము ఇంట పెట్టించాడు. మూడు నెలలు అక్కడే ఉంది. ఆ తర్వాత లేవీయుల పెద్దల్ని పిలిచి, మొదటిసారి మీరు మోయలేదు, మనం విధి ప్రకారం దేవుని దగ్గర విచారించలేదు అన్నాడు. తప్పంతా పోయినవాడి నెత్తిన రుద్దలేదు. ఈసారి కహాతీయుల పెద్ద ఊరీయేలు, అతని బంధువులు 120 మంది వచ్చారు. మోసేవాళ్లు ఆరడుగులు వేయగానే దావీదు బలి అర్పించాడు. ఆ ఆరడుగులూ పిల్లల చేత నడిపించు.

ఉజ్జా చనిపోయిన సంగతి దాచకు. దాస్తే పెద్దయ్యాక వాళ్లే చదువుకుని నీ మాట నమ్మరు. కాకపోతే ఉజ్జా ఒక్కణ్నే దోషిగా నిలబెట్టకు, మందసాన్ని బండెక్కించిన పెద్దల సంగతీ చెప్పు.

మూడో వారం కోరహు గుంపును నేల నోరు తెరిచి మింగేసిందని చెప్పి గంట కొట్టేయకు. కోరహు కుమారులు చావలేదని సంఖ్యాకాండం 26వ అధ్యాయంలో ఉంది. ఆ సంతతివాళ్లే తర్వాత ద్వారపాలకులయ్యారు. 84వ కీర్తన కోరహు కుమారులదే, అది పిల్లల చేత పాడించు.

మొదటి పాఠం రాసుకోగానే వాట్సాప్‌లో పెట్టు, తప్పులు పడితే అలగొద్దు. నీలిబట్ట కోసం బజారుకెళ్లకు. నా నీలం నూలు చీర ఒకటి ఉంది, మీ అన్నయ్య చేత పంపిస్తాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ