చీటీ ఉంది కదా, అత్యవసర నిధి వేరే ఎందుకు?

ప్రశ్న: గాజువాకలో ఉంటాం. ప్రైవేటు ఉద్యోగం, చేతికి 52,000 వస్తుంది. అద్దె 12,000, వెచ్చాలు, పాలు, గ్యాస్ 13,000, పిల్లల ఫీజులు నెలకు లెక్కేస్తే 6,000, కరెంటు, ఫోన్, పెట్రోలు 6,000, బైకు, టీవీ వాయిదాలు 7,500 (ఇంకా 7 నెలలు), చీటీ 5,000 (లక్ష చీటీ, 20 నెలల్లో 8 అయ్యాయి). ఏప్రిల్‌లో జీతం పెరుగుతుందని 9,000 ఈఎంఐతో కారు తీసుకోవాలనుకుంటున్నాను. అవసరం వస్తే చీటీ పాడుకోవచ్చు కదా?

జవాబు: కారు ఇప్పుడు వద్దు. మీ ఖర్చులన్నీ కలిపితే 49,500 అవుతున్నాయి, అంటే మిగిలేది 2,500 మాత్రమే. ఇంకా చేతికి రాని ఇంక్రిమెంటును నమ్ముకుని ఏళ్ల తరబడి కట్టవలసిన అప్పుకు సంతకం చేస్తే, ఒక్క నెల జీతం ఆలస్యమైనా అద్దెకు అప్పు చేయవలసి వస్తుంది. టీ, టిఫిన్లు మానేసి పొదుపు చేయమని చెప్పేవారు చాలామంది ఉంటారు గానీ, నా దృష్టిలో సంసారాన్ని కుంగదీసేవి ఆ చిల్లర ఖర్చులు కావు. ఆదాయం ఆగిపోయినా ఆగకుండా నెలనెలా కట్టవలసిన వాయిదాలే.

ఇక చీటీ సంగతి. పొదుపు అలవాటుగా అది మంచిదే, కానీ అత్యవసర నిధికి బదులు కాదు. మీకు డబ్బు అవసరమైన రోజు, పాట జరిగే రోజు ఒకటే కానక్కరలేదు. అవసరంలో ఉన్నవారు ఎక్కువ తగ్గించి పాడతారు గనుక, లక్ష చీటీలో చేతికి వచ్చేది బాగా తగ్గిపోవచ్చు. పాడుకున్న తరువాత జామీనుదారులను తెచ్చి సంతకాలు పెట్టిస్తే గానీ డబ్బు ఇవ్వరు; ఉద్యోగం పోయిన మనిషికి జామీను ఉండేందుకు ఎవరు ముందుకు వస్తారు? పైగా మిగిలిన వాయిదాలు కట్టక తప్పదు. అందువల్ల ఈ చీటీని చివరి నెల వరకు ఉంచి ఎత్తుకోండి. కమీషన్ 5 శాతం అనుకుంటే 95,000 వస్తుంది.

నిధి ఎంత ఉండాలన్నది జీతాన్ని బట్టి కాక, ఇంటి ఖర్చును బట్టి తేల్చుకోవాలి. వాయిదాలు, చీటీ పోతే మీ ఇంటికి నెలకు 37,000 కావాలి, కాబట్టి ఆరు నెలలకు 2,22,000. పెద్ద మొత్తంగా కనిపించినా మీకు అందనిది కాదు. మొదటి 7 నెలలు 2,500 చొప్పున 17,500, వాయిదాలు తీరాక 5 నెలలు 10,000 చొప్పున 50,000, పన్నెండో నెల చివర చీటీ 95,000 కలిస్తే 1,62,500 అవుతుంది. ఆ తరువాత చీటీ కట్టే 5,000 కూడా మిగులుతుంది గనుక, నెలకు 15,000 చొప్పున నాలుగు నెలలు వేస్తే లక్ష్యం చేరుతుంది. ఏప్రిల్‌లో జీతం పెరిగితే అందులో సగమైనా ఇందులోనే వేయండి. కారు గురించి ఆ పదహారు నెలలు గడిచాక ఆలోచించండి. అప్పటికి నెలకు 15,000 మిగులు ఉంటుంది గనుక ఈఎంఐ భారం కాదు.

ఒక నెల ఖర్చును విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో ఉంచి, మిగిలినది 25,000 చొప్పున చిన్న చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేయండి. అవసరానికి ఒకదాన్ని రద్దు చేసినా మిగిలినవాటి వడ్డీ చెడదు. ఒక బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు 5 లక్షల వరకు బీమా ఉంటుంది గనుక ఈ మొత్తానికి భయం లేదు. షేర్లలోనూ, 15 ఏళ్ల పీపీఎఫ్ (ప్రభుత్వ పొదుపు పథకం)లోనూ ఈ డబ్బు వేయకండి. నాలుగైదు వేలు నగదుగా ఇంట్లో ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన తరువాత కరెంటు, ఫోన్లు లేక, ఏటీఎంలు పనిచేయక, బ్యాంకులో డబ్బున్నవారు కూడా పాల ప్యాకెట్టుకు ఇబ్బంది పడిన సంగతి విశాఖవాసులకు వేరే చెప్పనక్కరలేదు.

మీ కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా మామూలుగా ఉద్యోగంతోపాటే పోతుంది, కాబట్టి వాయిదాలు తీరగానే కుటుంబానికి సొంత పాలసీ తీసుకోండి. ప్రీమియం కోసం నిధి ఒకటి రెండు నెలలు ఆలస్యమైనా పరవాలేదు. ఖాతాను, డిపాజిట్లను మీ శ్రీమతితో కలిపి ఉమ్మడిగా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునే పద్ధతిలో తెరవండి. డిపాజిట్లను గడువుకు ముందే రద్దు చేయాలంటే బ్యాంకు ఇద్దరి సంతకాలూ అడగవచ్చు గనుక, ఒక్కరి సంతకంతో రద్దు చేసుకునే వీలు ఉండేలా తెరిచేటప్పుడే రాసివ్వండి. మీరే ఆసుపత్రిలో ఉన్న రోజున ఆమె మీ సంతకం కోసం ఎదురుచూడకుండా డబ్బు తీసుకోగలగాలి.