వన్ పీస్ అనిమే ఎందుకంత నత్తనడక? గేముల్లో కథ ఎందుకు మారుతుంది?

వన్ పీస్ మాంగా, అంటే జపనీస్ బొమ్మల కథ, ఒక వారపత్రికలో 1997లో మొదలైంది. దాని ఆధారంగా తోయీ యానిమేషన్ వారి అనిమే (యానిమేషన్ సిరీస్) 1999 అక్టోబరులో వచ్చింది. చిక్కంతా లెక్కలోనే ఉంది. మాంగా అధ్యాయం 20 పేజీలు కూడా ఉండదు. 24 నిమిషాల ఎపిసోడ్ సాఫీగా నడవాలంటే రెండు అధ్యాయాలైనా కావాలి. ఆ లెక్కన 50 ఎపిసోడ్లకు 100 అధ్యాయాలు ఖర్చవుతాయి. రచయిత సెలవులు పోను ఏడాదికి వచ్చేవి 50 లోపే. అంటే అనిమే ఎప్పటికైనా మూలాన్ని తాకక తప్పదు.

అప్పుడేం చేస్తారు? నరుటో అనే మరో అనిమేలో సొంత కథలు (వీటినే ఫిల్లర్ అంటారు) అతికించారు: 220 ఎపిసోడ్లలో 135 తర్వాతివి దాదాపు అన్నీ మాంగాలో లేనివే. వన్ పీస్‌లో ఎక్కువగా సాగదీశారు. ఎపిసోడుకు ఒక్క అధ్యాయం, కొన్నిసార్లు అంతకన్నా తక్కువ. అందుకే నిన్నటి కథ మళ్లీ చూపడం, ముఖాల మీద కెమెరా నిలిపేయడం. నా దృష్టిలో ఫిల్లరే నయం, దాటేసి చూడొచ్చు, సాగదీతను దాటలేం. 2003లో మొదలైన ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ అనిమే సొంత ముగింపు రాసుకుంది. మూలకథతో మళ్లీ తీసిన 2009 సిరీస్ 64 ఎపిసోడ్లలో ముగిసింది.

గేముకు ఇబ్బంది వేరు. డిస్క్ ఒకసారి బయటికొస్తే కథ అక్కడే ఆగిపోతుంది. వన్ పీస్ గేము పైరేట్ వారియర్స్ 4 వచ్చిన 2020 నాటికి మాంగాలో వానో అనే ఘట్టం పూర్తికాలేదు. దాంతో గేముకు విడిగా ముగింపు అల్లారు. 2023లో వచ్చిన మరో గేము వన్ పీస్ ఒడిస్సీ కొత్త దీవిని కల్పించి, అలబాస్టా వంటి ముగిసిన ఘట్టాలను జ్ఞాపకాలుగా ఆడించింది. ఈ దారిలో చిక్కు తక్కువ.