చుక్కలు పోయినంత మాత్రాన జబ్బు పోయినట్లు కాదు

ప్రశ్న: మా ఉప్పునీటి అక్వేరియంలోని బ్లూ టాంగ్ చేప ఒంటి మీద ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలు వచ్చి, ఏ మందూ వేయకుండానే నాలుగైదు రోజుల్లో పోయాయి. రెండు వారాలు తిరక్కుండానే అంతకు రెట్టింపు కనిపించాయి. చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటోంది, మేత మాత్రం తింటోంది. ట్యాంకులో వేరే చేపలతో పాటు పగడాలు, రొయ్యలు ఉన్నాయి. కాపర్ మందు నేరుగా అందులో పోయవచ్చా? హీటర్ వేడి పెంచితే చాలని ఒకరు చెప్పారు, నిజమేనా?

జవాబు: రెండూ వద్దు. మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ పరాన్నజీవి వల్ల వచ్చే తెల్లచుక్కల జబ్బు అయ్యే అవకాశం ఎక్కువ. ఆ జీవి చేప చర్మం కింద, మొప్పల్లో 3 నుంచి 7 రోజులు తిని బలిసి, తనంతట తానే రాలిపోయి, ఇసుకలోనో రాళ్ల మీదో గట్టి పొర కప్పుకొని లోపల అనేక పిల్లలుగా విడిపోతుంది. మీరు నయమైందనుకున్న రోజులు సరిగ్గా అవే. పొరలో ఉన్నంతకాలం ఏ మందూ దానికి అంటదు. బయటికి వచ్చి, ఒకటి రెండు రోజుల్లో చేపను వెతుక్కోవలసిన ఈతదశలోనే దాన్ని చంపగలం.

వేడి పెంచడం మంచినీటి చేపల తెల్లచుక్కలకు చెప్పే చిట్కా; ఆ జబ్బుకు కారణమైన జీవి వేరు. ఇక్కడ వేడి పెంచితే నీటిలో కరిగిన ఆక్సిజన్ తగ్గి, మొప్పలు దెబ్బతిన్న చేపకు ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుంది.

కాపర్ విషయానికొస్తే, అది రొయ్యలకూ పగడాలకూ విషం. పైగా సున్నపు రాళ్లు, ఇసుక దాన్ని పీల్చుకోవడం వల్ల మోతాదు నిలకడగా ఉండదు. కాబట్టి అడుగున ఇసుక లేని వేరే ట్యాంకు సిద్ధం చేసి, హీటరు, స్పాంజ్ ఫిల్టరు, చేప దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్కలు పెట్టండి. చుక్కలు కనిపించినా కనిపించకపోయినా చేపలన్నిటినీ అందులోకి మార్చాలి. మామూలు కాపర్ అయితే లీటరు నీటికి 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మధ్య నిలపాలి. కీలేటెడ్ రకానికి (కాపర్‌ను మరో పదార్థంతో బంధించి తయారుచేసినది) అంకె చాలా ఎక్కువ కాబట్టి సీసా మీది సూచననే పాటించి, టెస్ట్ కిట్ కూడా ఆ రకానికి సరిపడేదే కొనండి. టాంగ్‌లు కాపర్‌కు సున్నితమైనవి కనుక రెండు మూడు రోజుల్లో మెల్లగా మోతాదుకు చేర్చి, రోజూ కొలుస్తూ, కనీసం మూడు వారాలు తగ్గకుండా చూడాలి. ఒక్క రోజు తగ్గినా ఆ సందులో కొత్త తరం చేపకు అంటుకుంటుంది.

ఆచరణలో చేపలను చంపేది చాలాసార్లు జబ్బు కాదు, ఆ చిన్న ట్యాంకులో పేరుకునే అమ్మోనియా. రోజూ పరీక్షించి నీరు మార్చండి. కొత్తగా పోసే నీటిలో కూడా అదే మోతాదు కాపర్ కలపండి. అమ్మోనియాను అణిచే ద్రావణాలు కొన్ని కాపర్‌తో కలిస్తే ప్రమాదం కాబట్టి వాటి జోలికి పోవద్దు. కాపర్ వాడలేని పరిస్థితిలో ఈ వేరే ట్యాంకులోనే ఉప్పునీటి సాంద్రతను క్రమంగా 1.009కి తగ్గించే పద్ధతి ఉంది. అందుకు ఆ సాంద్రతను కొలిచే రిఫ్రాక్టోమీటర్ అనే పరికరం తప్పనిసరి. రెండు పద్ధతులూ ఒకేసారి చేయకండి.

పొరల్లోంచి బయటికి వచ్చే పిల్లలకు చేప దొరక్క చచ్చిపోయేలా, అసలు ట్యాంకులో ఒక్క చేప కూడా లేకుండా 76 రోజులు వదిలేయండి. రొయ్యలకు మేత మామూలుగానే వేయవచ్చు. వలలు, బకెట్లు రెండు ట్యాంకులకూ విడివిడిగా ఉంచుకోండి.

ఈలోగా చుక్కలు విడివిడిగా కాక ఒళ్లంతా సన్నని పొడి చల్లినట్లు కనిపించి, చేప మేత మానేసి, పంపు ధార ముందే నిలబడి వేగంగా ఊపిరి తీస్తుంటే అది వెల్వెట్ అనే వేరే పరాన్నజీవి జబ్బు కావచ్చు. అది ఒకటి రెండు రోజుల్లోనే చేపను చంపగలదు. మరునాటి దాకా ఆగకుండా అదే రోజు ట్యాంకు మార్చి కాపర్ మొదలుపెట్టండి.