బెజవాడలో హోమ్‌స్టేకి టూరిజం వాళ్ళ సాయం ఎంతవరకు? మా మూడు గదుల అనుభవం

పటమటలో మీ అమ్మగారి ఇంటి పై అంతస్తు ఖాళీగా ఉందని, అందులో హోమ్‌స్టే, అంటే ఇంట్లోనే అతిథులకు గదులు అద్దెకిచ్చే ఏర్పాటు, పెడదామనుకుంటున్నామని రాశారు. విదేశాల్లో సిటీ టూరిజం బ్యూరోలు హోటళ్ళకు ప్రచారం చేసి పెడతాయి, నిధులు కూడా ఇస్తాయి అంటున్నారు కదా, విజయవాడలో అలాంటిది ఉందా, ఉంటే ఎంత ఇస్తారు అని అడిగారు. నేనూ మా ఆవిడా మొగల్రాజపురంలో 2022 నుంచి మూడు గదులు నడుపుతున్నాం. కాబట్టి మాకు ఎదురైనవే చెప్తాను.

ముందు సూటిగా జవాబు. మన చేతికి డబ్బిచ్చే సిటీ బ్యూరో విజయవాడకు లేదు. ఆ మాటకొస్తే, మీరు చదివిన ఆ ఊళ్ళలో కూడా బ్యూరో చేసే పని హోటల్ యజమానికి చెక్కు రాసివ్వడం కాదు. 2023లో మా అమ్మాయి గృహప్రవేశానికి డల్లాస్ వెళ్ళాం. ఇల్లంతా చుట్టాలతో నిండిపోతే మేమిద్దరం రెండు రాత్రులు హోటల్లో ఉన్నాం. బిల్లులో గది అద్దె కింద హోటల్ టాక్స్ అని రెండు లైన్లు కనిపించాయి. ఒకటి రాష్ట్రానిది, ఒకటి ఊరిది. టెక్సాస్‌లో రాష్ట్రం 6 శాతం తీసుకుంటుంది, ఊళ్ళు మామూలుగా 7 శాతం దాకా వేసుకోవచ్చు. ఊరికి వచ్చే ఆ డబ్బును రోడ్లకో కాలువలకో వాడెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. ఊరి గురించి ప్రకటనలు, కన్వెన్షన్ సెంటర్, కళలు, పాత కట్టడాల సంరక్షణ లాంటి, పర్యాటకులను రప్పించే పనులకే ఖర్చు పెట్టాలి. అంటే బ్యూరో పర్సులోకి డబ్బు వచ్చేది అతిథి జేబులోంచి. ఆ డబ్బుతో అది మరికొంతమంది అతిథులను ఊరికి తీసుకొస్తుంది. హోటల్ వాళ్ళకు దక్కేది ఆ అతిథులే. ఫ్రాన్స్‌లో ఊళ్ళు ఇలా బస మీద పన్ను వేసుకోవడానికి 1910లోనే చట్టం వచ్చింది.

మన దగ్గర ఆ దారి లేదు. ఒకప్పుడు హోటల్ గదుల మీద లగ్జరీ టాక్స్ ఉండేది, అదీ రాష్ట్రం ఖజానాకే పోయేది. 2017 జులైలో అది జీఎస్టీలో కలిసిపోయింది. ఇప్పుడు రోజుకు 7,500 రూపాయల లోపు గదికి 5 శాతం జీఎస్టీ. అందులో సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. బెజవాడలో రాత్రి ఎంతమంది బస చేసినా, ఆ పన్నులోంచి కార్పొరేషన్‌కు నేరుగా వచ్చేది ఏమీ లేదు. మన నుంచి వాళ్ళకు వెళ్ళేది ఆస్తి పన్ను, ట్రేడ్ లైసెన్స్ ఫీజు. అందుకే ఊరి పేరు మీద ప్రచారం చెయ్యాలంటే ప్రతిసారీ పై నుంచి నిధులు రావాలి. నాకు బాధ కలిగించేది ఇదే. ఊరికి వచ్చే మనిషి ఇచ్చే డబ్బులో ఒక్క రూపాయైనా, ఆ మనిషిని మళ్ళీ రప్పించడానికి ఊరి చేతిలో మిగలాలి.

మరి ఇక్కడ ఆ పని చూసేదెవరు? రాష్ట్ర పర్యాటక అభివృద్ధి సంస్థ, అంటే ఏపీటీడీసీ. భవానీ ద్వీపం, కృష్ణలో బోట్లు, పున్నమి ఘాట్ దగ్గర బెరం పార్కు వాళ్ళవే. హరిత హోటళ్ళూ వాళ్ళవే. అంటే ఊరికి ప్రచారం చేసేవాళ్ళు, గదులు అద్దెకిచ్చేవాళ్ళు ఒక్కరే. తప్పని అనను గానీ, మనలాంటి చిన్నవాళ్ళ పేరు ఆ ప్రచారంలోకి రావాలంటే మనం వెళ్ళి అడగాలి. ఇక పాలసీ సంగతి. 2024-29 పర్యాటక విధానంలో రాష్ట్రం ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది, రాయితీలు ప్రకటించింది. కానీ ఇలాంటి రాయితీలు మామూలుగా మనం పెట్టుబడి పెట్టి, తలుపులు తెరిచాక, ఆ ఖర్చులో కొంత వెనక్కి వచ్చే పద్ధతిలో ఉంటాయి. సబ్సిడీ వస్తుంది కదా అని ముందే బాత్రూములకు టైల్స్ ఆర్డర్ ఇవ్వకండి.

మేం చేసిన పొరపాటు అదే. 2022లో ఒక బ్యాంకుకు వెళ్ళాను, పేరెందుకు. ఫైలు చూసి, "హోమ్‌స్టే అని మా లిస్టులో లేదండీ, పర్సనల్ లోన్ తీసుకోండి" అన్నారు. అప్పటికే మేస్త్రీని పిలిచి పని మొదలుపెట్టేశాం. గత్యంతరం లేక ఆ లోనే తీసుకున్నాం. మొదటి ఏడాది గదుల మీద వచ్చిందంతా ఈఎంఐలకే సరిపోయింది. ప్రతి నెలా అయిదో తారీఖు వస్తోందంటే మా ఆవిడకు టెన్షన్. మీకు ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ముద్ర రుణాలు, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇప్పించే లోన్లు, ఇస్తామని ప్రకటించారు. ముద్రకు తనఖా అక్కర్లేదు. బ్యాంకులో కాదంటే ఆ బడ్జెట్ ప్రసంగంలోని వాక్యం ప్రింట్ తీసుకుని వెళ్ళి చూపించండి.

ఇంకొకటి, కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టేలకు గుర్తింపు ఇస్తుంది, సిల్వర్, గోల్డ్ అని రెండు రకాలు. ఒకటి నుంచి ఆరు గదుల దాకా ఉండొచ్చు, ఇంటివాళ్ళు అదే ఇంట్లో కాపురం ఉండాలి. ఆ శాఖ వెబ్‌సైట్ 'నిధి' (NIDHI)లో అప్లై చెయ్యాలి. దాంతో డబ్బేమీ రాదు. కానీ ఆడపిల్లలతో వచ్చే కుటుంబాలు గుమ్మంలో ఆ సర్టిఫికెట్ చూశాక మాట్లాడే తీరే మారిపోతుంది. మా ఆవిడ దాన్ని ఫ్రేమ్ కట్టించి చెప్పుల స్టాండు పైన పెట్టింది, లోపలికి వచ్చేవాళ్ళ కంట మొదట పడేది అదే.

ఇప్పుడు అసలు విషయం. మన ఊరికి జనం కొదవ లేదు. అమ్మవారి దర్శనానికి రోజూ వస్తూనే ఉంటారు, దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజు సంగతి మీకు నేను చెప్పాలా. ఇబ్బందల్లా వాళ్ళు రాత్రి ఆగరు. పొద్దున దిగుతారు, దర్శనం చేసుకుంటారు, పులిహోర పొట్లం పట్టుకుని సాయంత్రం బండి ఎక్కేస్తారు. మాకూ మొదట్లో అంతే. స్నానాలకు, బట్టలు మార్చుకోవడానికి నాలుగు గంటలు గది కావాలని అడిగేవాళ్ళే ఎక్కువ.

ఒకసారి విజయనగరం నుంచి ఒక కుటుంబం వచ్చింది. పెద్దావిడకు మోకాళ్ళ నొప్పులు. ఇద్దరు పిల్లలు, తల్లీ తండ్రీ. దర్శనం అయ్యాక తిరిగొచ్చి, రైలు రాత్రికి కదా, ఈ లోపు ఏం చూడొచ్చు అని అడిగారు. మా ఆవిడ పెసరట్లు వేస్తోంది. నేను పాత పెళ్ళి శుభలేఖ వెనక పెన్నుతో గీసి చూపించాను. ఇదిగో బ్యారేజీ, దాటితే ఉండవల్లి గుహలు, లోపల ఒకే రాయిలో చెక్కిన అనంతపద్మనాభస్వామి శయనించి ఉంటాడు. ఇటు 20 కిలోమీటర్లు వెళ్తే కొండపల్లి, రెడ్డిరాజుల నాటి ఖిల్లా, కింద ఊళ్ళో తెల్ల పొణికి చెక్కతో బొమ్మలు చేస్తూ కనిపిస్తారు. మెట్లెక్కలేని వాళ్ళకు బాపు మ్యూజియం ఉంది. 1921లో కాంగ్రెస్ సమావేశాలకు వచ్చిన గాంధీగారికి పింగళి వెంకయ్యగారు జెండా నమూనా చూపించిన ఊరు కదా ఇది. నేను చెప్తుండగానే పెద్దావిడ కొడుకు వంక చూసి, "ఒరే, టికెట్లు రేపటికి మార్చరా" అంది. రెండు రాత్రులున్నారు. వెళ్ళేటప్పుడు చిన్నపిల్ల చేతిలో కొండపల్లి ఎడ్లబండి, ఒక చక్రం అప్పటికే ఊడిపోయి ఉంది. మా ఆవిడ దాన్ని ఫెవికాల్‌తో అంటించి ఇచ్చింది.

ఆ శుభలేఖ వెనక గీసిన మ్యాపునే తర్వాత గవర్నర్‌పేటలో డీటీపీ చేయించి, జిరాక్సులు తీయించాం. బస్టాండు నుంచి ఏ వైపు వెళ్ళాలి, ఎక్కడ మెట్లున్నాయి, ఎక్కడ మధ్యాహ్నం ఎండ దెబ్బ కొడుతుంది, అన్నీ రాశాం. ఇప్పుడు మా దగ్గరికి వచ్చేవాళ్ళలో పది కుటుంబాల్లో మూడు, నాలుగు రెండో రాత్రి ఉంటున్నాయి. సిటీ బ్యూరో అనేది చెయ్యాల్సిన పని ఇదేనని నా ఉద్దేశం, నేను మూడు గదులకు చేసేది అది ఊరంతటికీ చెయ్యాలి.

అలాంటిది లేకపోతే ఏమవుతుందో 2024లో బాగా తెలిసింది. సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్ళు మునిగాయి. బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మా వీధిలోకి చుక్క నీరు రాలేదు. ఆ వారం మా గదుల్లో సింగ్ నగర్‌లో ఉండే మా చుట్టాలే ఉన్నారు. కానీ టీవీలో ఆ పడవలు చూసినవాళ్ళు దసరా బుకింగులు కూడా వరసగా రద్దు చేసుకున్నారు. దసరా అక్టోబర్‌లో కదండీ, అప్పటికి నీళ్ళుండవు అని ఫోన్లో ఎంత చెప్పినా నమ్మలేదు. ఊరి తరఫున ఒక గొంతు, "కొండ మీద దర్శనాలు జరుగుతున్నాయి, దారులు బాగున్నాయి, రండి" అని రోజూ చెప్పి ఉంటే సగం బుకింగులైనా నిలబడేవి.

2025 దసరాకు విజయవాడ ఉత్సవ్ పెట్టినప్పుడు దానికి పూర్తిగా ఎదురు జరిగింది. పున్నమి ఘాట్‌లో సాయంత్రాలు కార్యక్రమాలు ఉండటంతో పొద్దున దర్శనానికి వచ్చినవాళ్ళు రాత్రి దాకా ఆగారు. రాత్రయ్యాక ఎలాగూ గది కావాలి. ఆ పదకొండు రోజులూ మా మూడు గదులూ ఖాళీ లేవు. కొందరిని పక్క వీధిలో హోమ్‌స్టే నడిపే వాళ్ళింటికి పంపించాను. ఆ తర్వాత మేం అయిదారుగురం కలిసి ఒక అర్జీ రాసి ఇచ్చాం. అందులో డబ్బు అడగలేదు. రైల్వే స్టేషన్‌లోనూ, పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లోనూ గుర్తింపు ఉన్న హోమ్‌స్టేల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న బోర్డు పెట్టమన్నాం. ఉండవల్లి, కొండపల్లి కలిపి ఆదివారాలు ఒక బస్సు వెయ్యమన్నాం. ఇంకా జవాబు రాలేదు, మేమూ వదిలిపెట్టలేదు. మీరు మొదలుపెడితే మీ సంతకం కూడా కావాలి.

మిగతావి క్లుప్తంగా. ఏడాదికి 20 లక్షల లోపు రాబడి అయితే మీరు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. విదేశీయులెవరైనా దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వాళ్ళ వివరాల ఫారం (ఇదివరకు ఫారం-సీ అనేవారు) నింపాలి, మర్చిపోతే చిక్కు. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మన తెలుగు పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది, చాలామంది ఇక్కడే పొరపడతారు. రిజిస్టరు రాయడం, గుర్తింపు కార్డు చూడటం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

మీ ప్రశ్నలో ఒక్క విషయం తేలలేదు. అమ్మగారు ఇప్పుడు కింద వాటాలో ఉంటున్నారా, లేక ఇల్లు మొత్తం తాళం వేసి ఉందా? ఉంటున్నట్లయితే కేంద్రం గుర్తింపుకు అప్లై చెయ్యొచ్చు. తాళమే అయితే ఆ గుర్తింపు రాదు, అనుమతుల సంగతీ వేరే. ఆ సంగతి రాయండి, దాన్ని బట్టి ఏ కాగితాలు ముందు సిద్ధం చేసుకోవాలో చెప్తాను.