ముందు వెనక్కి రావడం నేర్చుకో

చెల్లాయికి,

మాగాయ సీసాతో పాటు ఈ కాగితాలు కూడా మనవడి చేత పంపిస్తున్నాను. ఫోన్‌లోనే చెప్పేయొచ్చుగా అని మీ వదిన నవ్వింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అదే ఫోన్‌లో నొక్కి చూడమంటే ఎలా కుదురుతుంది? మొన్న అలా చెప్పబోతేనే కదా, రెండుసార్లు కాల్ కట్ అయిపోయింది. అందుకే ఇది పక్కన పెట్టుకుని చదువుకుంటూ చెయ్యి.

"ఈ స్మార్ట్‌ఫోన్‌లో ఏది నొక్కితే ఏమైపోతుందో అని టెన్షన్ అన్నయ్యా" అన్నావు. స్టీల్‌ప్లాంట్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి మేము మొదట మిషన్ నడపడం చూపించేవాళ్లం కాదు, ఆపడం చూపించేవాళ్లం. నీకూ అదే చెబుతాను. ముందు వెనక్కి రావడం నేర్చుకో, తర్వాత ఎంత లోపలికి వెళ్లినా భయముండదు.

స్క్రీన్ అడుగున మూడు గుర్తులుంటాయి. బాణంలా ఉన్నది నొక్కితే ఒక్క అడుగు వెనక్కి వస్తావు. మధ్యలో ఉన్నది నొక్కితే ఎక్కడున్నా మొదటి పేజీకి వచ్చేస్తావు. మూడోది ఇప్పటిదాకా తెరిచినవన్నీ వరసగా చూపిస్తుంది. నీ ఫోన్‌లో అవి లేవన్నావు. కొత్త ఫోన్లలో వాటి బదులు కింది నుంచి పైకి తోస్తే హోమ్, అంచు నుంచి లోపలికి తోస్తే వెనక్కి. కుర్రాళ్లకి అది ముద్దు, మనకొద్దు. సెట్టింగ్స్‌లో నావిగేషన్ అని వెతికితే మూడు బటన్లు పెట్టుకునే వీలుంటుంది. ఈ సీసా తెచ్చినవాడి చేతే అక్షరాల సైజు కూడా పెంచించుకో, కళ్లజోడు వెతుక్కునే బాధ తగ్గుతుంది.

పక్కన ఉండేవి పవర్ బటన్, వాల్యూమ్ బటన్లు. పవర్ ఒకసారి నొక్కితే స్క్రీన్ ఆరిపోతుంది, ఫోన్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. పూర్తిగా ఆపాలంటే పవర్‌నీ వాల్యూమ్ పెంచేదాన్నీ కలిపి కాసేపు పట్టుకోవాలి. కొన్ని ఫోన్లలో తగ్గించేదాంతో కలిపి పట్టుకోవాలి. చాలా ఫోన్లలో పవర్ గబగబా ఐదుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ నంబరుకి కాల్ వెళ్తుంది. సరదాకి నొక్కి చూడకు.

ఇక శబ్దం. నీ గొడవంతా ఇక్కడే ఉంది. వాల్యూమ్ ఫుల్‌గా పెట్టినా ఫోన్ మోగట్లేదని కదా నీ ఫిర్యాదు? ఫోన్‌లో శబ్దం ఒక్కటి కాదు. పాటలకి వేరు, రింగుకి వేరు, అలారానికి వేరు. ఊరికే వాల్యూమ్ నొక్కితే నువ్వు పెంచింది పాటలది. నొక్కగానే పక్కన కనిపించే మూడు చుక్కల మీద వేలు పెట్టు, గంట బొమ్మ ఉన్న గీత కనిపిస్తుంది, అది పెంచు. ఇంకోటి, పెళ్లి పందిట్లో ఉండగా ఫోన్ మోగితే కంగారుపడి కట్ చేయకు. వాల్యూమ్ బటన్ నొక్కితే మోత ఆగుతుంది, అవతలివాళ్లకి మాత్రం రింగవుతూనే ఉంటుంది.

స్క్రీన్ పైఅంచు నుంచి వేలితో కిందికి దించితే చిన్న చిన్న బొమ్మలొస్తాయి. వైఫై, డేటా, టార్చి, వెలుతురు అన్నీ అక్కడే. అక్కడే ఉన్న విమానం బొమ్మ నా పరువు తీసింది. పోయినేడాది వానాకాలంలో ఒక రోజంతా నాకు ఒక్క ఫోనూ రాలేదు. సిమ్ తీశాను, తుడిచాను, మళ్లీ పెట్టాను. రాత్రి పక్కింటాయన తలుపు కొట్టి "మీ అబ్బాయి బెంగళూరు నుంచి కంగారు పడుతున్నాడండీ" అన్నాడు. మర్నాడు షాపు కుర్రాడు పై నుంచి దించి విమానం మీద ఒక్క నొక్కు నొక్కాడు, అంతే. డబ్బులు తీసుకోలేదు గానీ, నవ్వు ఆపుకోలేకపోయాడు. సిగ్నల్ లేదనిపిస్తే ముందు ఆ విమానం వెలుగుతోందేమో చూడు.

టైపింగ్ గురించి నీకు పెద్దగా చెప్పక్కర్లేదు. కీబోర్డు మీద మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడు, అదే రాసుకుంటుంది. మన యాస కొంచెం తికమక పెడుతుంది, ఒకసారి చదువుకుని పంపు.

మన ఊరి ఉక్కపోతకి వేలిముద్ర తాళం మొరాయిస్తుంది. చెమట వేలు దానికి అర్థం కాదు. చీర చెంగుకి తుడుచుకుని పెట్టు, నంబరు తాళం కూడా గుర్తుంచుకో. ఆర్కే బీచ్‌కి వెళ్లొచ్చాక ఫోన్‌ని పొడి గుడ్డతో తుడువు. చార్జింగ్ రంధ్రంలో తడి ఉందని ఫోన్ చెబితే చార్జర్ పెట్టకు, ఫ్యాను గాలికి ఆరనివ్వు. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకు, ఆ నూక, పొడి రంధ్రంలోకి పోయి ఇంకో తంటా.

హుద్‌హుద్ తుఫాను గుర్తుందా? 2014 అక్టోబరు 12, ఆదివారం. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. అప్పటి నీ బటన్ ఫోను రెండు మూడు రోజులు చార్జింగ్ నిలిచేది, ఇది ఒక్కరోజు నిలిస్తే గొప్ప. తుఫాను హెచ్చరిక వినగానే నిండా చార్జింగ్ పెట్టు. కరెంటు పోతే వెలుతురు తగ్గించి, డేటా ఆపి, బ్యాటరీ సేవర్ వెయ్యి. టార్చి ఫోన్‌దే వాడకు, అల్మరాలో ఉన్న పాత టార్చికి సెల్స్ వేసి ఉంచు.

డబ్బు సంగతి ఒక్కటి గట్టిగా చెబుతాను. పాత మంచం అమ్మకానికి పెడితే, కొంటానన్నవాడు "డబ్బు పంపుతాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నాడు. నేను మూడంకెలు కొట్టేశాను కూడా! మీ వదిన చూసి "డబ్బు రావడానికి మన పిన్ ఎందుకండీ?" అంది. నిజమే, పిన్ డబ్బు పంపడానికే, రావడానికి అక్కర్లేదు. అప్పుడు కూడా నన్ను కాపాడింది ఆ వెనక్కి బాణమే. ఎప్పుడైనా పొరపాటున డబ్బు పోతే, సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.

చివరగా *#06# కొట్టు. పదిహేనంకెల నంబరు వస్తుంది, అది ఫోన్ గుర్తింపు నంబరు (IMEI). రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండొస్తాయి. గ్యాస్ బుక్కు వెనక రాసిపెట్టు. ఫోన్ పోతే కంప్లయింట్ ఇచ్చి, సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో బ్లాక్ చేయించడానికి అదే కావాలి.

ఇదంతా చదివాక మాగాయ సీసాని ఒక ఫోటో తీసి నాకు పంపు. ఖాళీ సీసా ఫోటో అయినా పరవాలేదు.

మీ పెద్దన్నయ్య,
కూర్మన్నపాలెం