బాల్డర్స్ గేట్ 3 వీడియో గేమ్ ఆడాక, దానికి మూలమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక పాత్రగా డైస్ వేస్తూ కథ నడిపే ఆట) స్నేహితులతో మొదలుపెట్టాం. పాత డ్రాగన్, వైట్ డ్వార్ఫ్ పత్రికలు ఇప్పుడు చదివితే ఏమైనా పనికొస్తాయా?

పనికొస్తాయి. అయితే రూల్స్ కోసం చదవకండి. మీరు ఆడుతున్న ఐదో ఎడిషన్‌కీ, ఆ రోజుల లెక్కలకీ పొంతన కుదరదు. కుదర్చాలని కూర్చుంటే ఆదివారం మొత్తం అందులోనే పోతుంది.

నేను కూడా ఐదో ఎడిషన్‌తోనే ఆట నేర్చుకున్నాను, ఇక్కడ డాలస్‌లో ఆఫీసువాళ్లతో. డంజన్ మాస్టర్ పని, అంటే కథ నడిపించే బాధ్యత, నా మీద పడ్డాక, ప్రతి వారం కొత్త ఐడియాలు ఎక్కడినుంచి తేవాలన్న టెన్షన్‌తో పాత సంచికల జోలికి వెళ్లాను. డ్రాగన్ మొదటి 250 సంచికలు 1999లో సీడీల సెట్‌గా వచ్చాయి. అది నాకు సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. దాంతో ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఇప్పటి కంప్యూటర్‌లో మొరాయించింది కానీ, సంచికలన్నీ పీడీఎఫ్‌లే కాబట్టి నేరుగా తెరిచి చదువుకోవచ్చు.

ముందు వీటి పుట్టుక రెండు ముక్కల్లో. ఆటను అచ్చు వేసిన టీఎస్ఆర్ కంపెనీ 1975లో స్ట్రాటజిక్ రివ్యూ అని ఒక చిన్న పత్రిక మొదలుపెట్టి, ఏడు సంచికల తర్వాత దాని స్థానంలో 1976 జూన్‌లో డ్రాగన్ తెచ్చింది. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో గేమ్స్ వర్క్‌షాప్ వాళ్లు వైట్ డ్వార్ఫ్ మొదలుపెట్టారు. ఇప్పుడు మనకు రూల్‌బుక్‌లో స్థిరపడిపోయి కనిపించేవన్నీ అప్పటికింకా తేలలేదు. ఎవరో ఒక పాఠకుడు వ్యాసం పంపేవాడు, ఇంకొకడు దాన్ని చీల్చి చెండాడేవాడు, మూడోవాడు మధ్యే మార్గం చెప్పేవాడు. నేను ఇప్పటికీ ఈ పత్రికలు తెరిచేది ఆ గొడవ కోసమే.

నాకు బాగా నచ్చిన గొడవ ఎత్తునుంచి పడితే ఎంత దెబ్బ తగలాలి అన్నది. అప్పటి రూల్ ప్రకారం ప్రతి పది అడుగులకు ఒక ఆరు ముఖాల డైస్, గరిష్ఠంగా ఇరవై. 1983 మొదట్లో డ్రాగన్‌లో ఫ్రాంక్ మెంట్జర్ అసలు ఉద్దేశం అది కాదని రాశాడు. మొదటి పది అడుగులకు ఒకటి, తర్వాతి పదికి రెండు, ఆ తర్వాతి పదికి మూడు, ఇలా పెరుగుతూ పోవాలట. అంటే 60 అడుగుల బురుజు మీదనుంచి దూకినవాడికి ఆరు డైస్ బదులు ఇరవై పడతాయి (కూడితే 21, కానీ గరిష్ఠం ఇరవయ్యే). సగటున 21 ప్రాణం పాయింట్లతో పోయే దెబ్బ 70 దగ్గర తేలుతుంది. 1984 ఆగస్టు నాటి 88వ సంచికలో దీని మీద రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకాయన పడే వేగం, గాలి నిరోధం లెక్కలు కట్టాడు. ఇంకొకాయన, దెబ్బను నిర్ణయించేది వేగం కాదు గతిశక్తి, అది పడిన ఎత్తుకు సరిగ్గా అనుపాతంలో ఉంటుంది, కాబట్టి మొదటి రూలే కరెక్టు అన్నాడు. మన ఇంటర్ ఫిజిక్స్‌లోని ఎంజీహెచ్ అన్నమాట! మీ రూల్‌బుక్ తీసి చూడండి: ఇప్పటికీ పది అడుగులకు ఒక డైస్, గరిష్ఠం ఇరవై. ఈ కథంతా మా టేబుల్ దగ్గర చెప్పినప్పుడు ఇద్దరు మెకానికల్ ఇంజనీర్లు ఆట పక్కన పెట్టి కాగితం, పెన్ను తీశారు. ఆ రాత్రి డ్రాగన్ గుహ దాకా వెళ్లలేదు మేము.

మీరు బాల్డర్స్ గేట్ 3 ఆడారు కాబట్టి అందులో లేజెల్ అనే పాత్ర తెలుసు కదా. ఆమె జాతి గిత్‌యాంకీ పుట్టింది వైట్ డ్వార్ఫ్‌లోనే. ఫీండ్ ఫ్యాక్టరీ అనే శీర్షికకు పాఠకులు తాము తయారుచేసిన రాక్షసులను పంపేవాళ్లు. 1979లో వీటిని పంపినవాడు చార్లెస్ స్ట్రాస్ అనే ఇంగ్లిష్ కుర్రాడు, అప్పటికింకా స్కూలు పిల్లవాడే. తర్వాత సైన్స్ ఫిక్షన్ రచయితగా పేరు తెచ్చుకున్నాడు. ఆ శీర్షికలో వచ్చినవాటిలో చాలా భాగం 1981లో ఫీండ్ ఫోలియో అనే పుస్తకంలోకి ఎక్కాయి. దాని అట్ట మీద ఉన్నది గిత్‌యాంకీయే. గేమ్‌లో మీకు కనిపించే ఎల్మిన్‌స్టర్ సంగతీ ఇంతే. కెనడాలో లైబ్రరీ ఉద్యోగి అయిన ఎడ్ గ్రీన్‌వుడ్ 1979 నుంచి డ్రాగన్‌కు వ్యాసాలు పంపేవాడు. మంత్రాల పుస్తకాల గురించి రాస్తూ, ఇదంతా నాకు ఎల్మిన్‌స్టర్ అనే ముసలి మాంత్రికుడు చెప్పాడు అని నడిపించేవాడు. ఆయన సృష్టించిన లోకం, బాల్డర్స్ గేట్ కథ జరిగే ఫర్గాటెన్ రెల్మ్స్, పెట్టెగా అమ్మకానికి వచ్చింది 1987లో. అప్పటికే డ్రాగన్ పాఠకులకు ఆ లోకంలో సగం ఊళ్లు పరిచయమే.

ఇక మీ టేబుల్‌కు నేరుగా పనికొచ్చేది ఎకాలజీ వ్యాసాల వరుస. 1983 ఏప్రిల్ సంచికలో పియర్సర్‌తో మొదలైంది. గుహ పైకప్పునుంచి రాతి ఊడలా వేలాడుతూ, కింద ఎవరైనా నడిస్తే నెత్తిన పడే జంతువు అది. రూల్‌బుక్‌లో చూస్తే దాని పని అంతే: పడుతుంది, పొడుస్తుంది. ఈ వ్యాసం దాన్ని జంతుశాస్త్రం వాళ్లు చూసినట్టు చూస్తుంది, ఏం తింటుంది, ఎలా కదులుతుంది అని. చదివాక నేను మా ఆటలో ఒక పియర్సర్‌ను గురి తప్పించి, నత్తలా పాకుతూ మళ్లీ గోడెక్కేలా పెట్టాను. కత్తి దూస్తారనుకుంటే, మా వాళ్లు జాలిపడి దాన్ని నిచ్చెన మీద మోసుకెళ్లి పైన తగిలించి వచ్చారు. తర్వాత ఆ దారిన వెంటాడుతూ వచ్చిన గాబ్లిన్ల నెత్తిన అది పడకుండా ఉంటుందా? ఒక్క పేజీ సమాచారంతో రెండు వారాల ఆట నడిచింది. అందుకే చెబుతున్నా, కొత్త క్లాసులు (పాత్రల వృత్తులు), కొత్త స్పెల్స్ (మంత్రాలు) ఉన్న పేజీలు తిప్పేయండి, జంతువుల మీదా ఊళ్ల మీదా రాసినవి ఆగి చదవండి. కథలు కూడా చాలావరకు వదిలేయొచ్చు, నాకైతే పదింటిలో ఒకటి బాగుంటే గొప్ప.

అన్నీ ముద్దుగా ఉంటాయనుకోకండి. 1976లో వచ్చిన మూడో సంచికలో ఆడ పాత్రల కోసం ప్రత్యేక రూల్స్ ఇచ్చారు: బలానికి తక్కువ గరిష్ఠం, కరిజ్మా (వ్యక్తిత్వపు ఆకర్షణ) బదులు అందం అనే స్కోరు. ఇప్పుడు చదివితే ఒళ్లు మండుతుంది. మా గుంపులో బార్బేరియన్, అంటే కండబలం మీద నడిచే యోధుడి పాత్ర, ఆడేది ఒక అమ్మాయి, ఆ పేజీలు చూపిస్తే నవ్వి, మరి మగవాళ్ల అందానికి డైస్ ఏదీ అని అడిగింది.

వారపత్రిక రాగానే ముందు పాఠకుల ఉత్తరాల పేజీ తిప్పే అలవాటు ఉన్నవాళ్లకు డ్రాగన్‌లో అవుట్ ఆన్ ఎ లింబ్ అనే ఉత్తరాల శీర్షిక పండగే. సేజ్ అడ్వైస్ ఇంకా సరదా, రూల్స్ సందేహాలకు జవాబులు అందులో. అడ్వర్టైజ్‌మెంట్లు కూడా వదలకండి. పోస్టులో ఆడే ఆటల ప్రకటనలు ఉంటాయి: ఆటలో మీ తర్వాతి ఎత్తుగడ కాగితం మీద రాసి డబ్బుతో పంపితే, ఫలితం తిరుగుటపాలో వస్తుంది. నెట్ స్లో అని విసుక్కునే మా కుర్రాళ్లకు అవే చూపిస్తుంటాను.

వర్మీ అనే రంగుల కామిక్ గురించి మాత్రం ముందే చెప్పేస్తాను, లేకపోతే మీరూ నాలాగే ముగింపు కోసం వెతుకుతారు. 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అట్ట గీసిన డేవిడ్ ట్రాంపియర్‌ది అది. 1977లో మొదలై 1988 ఏప్రిల్‌లో కథ మధ్యలో ఆగిపోయింది, ఆయన ఈ రంగానికే దూరమయ్యాడు. చాలా ఏళ్ల తర్వాత ఇల్లినాయ్‌లోని కార్బండేల్‌లో టాక్సీ నడుపుతున్నట్టు బయటపడింది. 2014లో చనిపోయాడు. కథకు ముగింపు లేదు, అయినా ఆ బొమ్మల కోసం చూడాల్సిందే.

మొదలుపెట్టడానికి డ్రాగన్‌లో 60 నుంచి 120 వరకు, అంటే సుమారు 1982 నుంచి 1987 దాకా వచ్చినవి నా ఓటు. వైట్ డ్వార్ఫ్ అయితే మొదటి తొంభై సంచికల లోపే చూడండి, 100 దాటాక అది పూర్తిగా గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ల సొంత యుద్ధపు ఆట వార్‌హామర్ బొమ్మల పత్రిక. చదివే తీరిక లేదు, రేపు రాత్రికి ఆట సిద్ధం కావాలి అంటే ఈ రెండూ పక్కన పెట్టి డంజన్ పత్రిక తియ్యండి. 1986 నుంచి 2007 దాకా 150 సంచికలు, నిండా తయారుగా ఉన్న అడ్వెంచర్లే, అంటే నేరుగా ఆడించగల కథలే. మ్యాపులు, ఊళ్ల వర్ణన యథాతథంగా వాడుకుని, రాక్షసుల లెక్కలు మాత్రం మీ మాన్స్టర్ మాన్యువల్ (రాక్షసుల రూల్‌బుక్) లోవి పెట్టుకోండి. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోయే పని.