పాత టైల్స్‌కి కొత్త రంగు: పాఠకుల సందేహాలు, మా జవాబులు

పాత టైల్స్ పగలగొట్టకుండా వాటి మీదే రంగు వేసుకోవడం గురించి అడిగిన ప్రశ్నల్లో అందరికీ పనికొచ్చేవి ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: మా వంటగది నేలకి ముదురు గోధుమ రంగు మెరుపు టైల్స్ ఉన్నాయి. సుమారు 100 చదరపు అడుగులు. గట్టిగానే ఉన్నాయి గానీ రంగు పాతబడి గది అంతా చీకటిగా కనిపిస్తోంది. వాటి మీద పెయింట్ వేయొచ్చా? వేస్తే ఏ వరుసలో చేయాలి?

జవాబు: వేయొచ్చండీ. ఒక్కటి మాత్రం ముందే తెలుసుకోండి. మెరుపు టైల్ పైపొర గాజులాంటిది. సిమెంటు గోడ రంగును కాస్త లోపలికి పీల్చుకుంటుంది, అందుకే అక్కడ రంగు నిలుస్తుంది. గాజు చుక్క కూడా పీల్చుకోదు. కాబట్టి రంగుకి కావలసిన పట్టు మనమే కల్పించాలి. ఈ పనిలో సగానికి పైగా శ్రమ డబ్బా మూత తీయక ముందే అయిపోవాలి.

మొదట నేలను తట్టి చూడండి. స్క్రూడ్రైవర్ పిడితో ప్రతి టైల్‌నీ మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి కొట్టండి. గట్టి శబ్దం వస్తే సరే. డొల్లగా మోగితే కింద గుల్ల ఉన్నట్టు. అలాంటి టైల్ అడుగు పడినప్పుడల్లా వెంట్రుకవాసి కదులుతుంది, దాని చుట్టూ గ్రౌట్ (టైల్స్ మధ్య గీతల్లో నింపే సిమెంటు ముద్ద) చిట్లుతుంది, ఆ చిట్లిన గీత వెంబడే రంగు పగులుతుంది. దాన్ని తీసి టైల్ అడెసివ్‌తో మళ్లీ అతికించండి. 24 గంటలు ఆగి గ్రౌట్ నింపండి.

తర్వాత తేమ పరీక్ష. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ప్లాస్టిక్ షీట్‌ను నేల మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో మూసేయండి. మెరుపు టైల్‌లోంచి తేమ రాదు, గ్రౌట్ గీతల్లోంచే వస్తుంది. అందుకని గీతలు షీట్ మధ్యలోకి వచ్చేలా పరచాలి. కనీసం 16 గంటలు వదిలేసి ఎత్తి చూడండి. షీట్ అడుగున నీటి బిందువులున్నా, గీతలు నల్లబడినా ఆ నేలకి రంగు వేయకండి. ముందు తేమ ఎక్కడిదో పట్టుకోవాలి. కింద నుంచి తేమ తోస్తుంటే ఎంత మంచి రంగైనా బుడగలెత్తుతుంది.

ఇక కడగడం. గోడ అంచుల్లో, సింక్ కింద సిలికాన్ సీలెంట్ ఉంటే బ్లేడుతో కోసి పూర్తిగా గీకేయండి, సిలికాన్ మీద ఏ రంగూ అంటదు. తర్వాత ట్రైసోడియం ఫాస్ఫేట్ గానీ, జిడ్డు తీసే ఘాటైన క్షార క్లీనర్ గానీ డబ్బా మీద రాసిన పాళ్లలో కలిపి, చేతికి గ్లౌజులు వేసుకుని, నైలాన్ బ్రష్‌తో గీతలతో సహా తోమండి. మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి. యాసిడ్ మాత్రం వాడొద్దు. అది మెరుపును తీయదు, గ్రౌట్‌లోని సిమెంటును తినేస్తుంది. ఆరాక తెల్లగుడ్డతో గట్టిగా తుడవండి. గుడ్డ తెల్లగా ఉంటేనే ముందుకెళ్లాలి.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ముందు ఎమరీ పేపర్ పట్టి, ఆ తర్వాత కడుగుతారు. జిడ్డున్న టైల్‌ను రుద్దితే జిడ్డు పోదు, కొత్తగా పడిన గీతల్లోకి దిగిపోతుంది. తర్వాత ఎంత కడిగినా అది బయటికి రాదు. కాబట్టి కడగడం ముందు, రుద్దడం తర్వాత.

రుద్దడానికి 80 నంబరు ఎమరీతో మొదలుపెట్టి 120తో ముగించండి. నల్లటి సిలికాన్ కార్బైడ్ రకమైతే గాజుపొర మీద బాగా కోస్తుంది. మెరుపు మొత్తం పోవాలి. టార్చిలైటును నేలకి ఆనించినట్టు పెట్టి పక్కనుంచి చూస్తే వదిలేసిన చోట్లు తళుక్కుమంటాయి. ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. రుద్దని టైల్ మీద అది ముత్యంలా నిలబడుతుంది, రుద్దిన టైల్ మీద పరుచుకుంటుంది. టైల్ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. నీళ్లు చల్లుకుంటూ రుద్దండి, ఎన్-95 మాస్క్ లేకుండా కూర్చోకండి. అయ్యాక తడిగుడ్డతో తుడిచి, వ్యాక్యూమ్ పట్టి, 24 గంటలు ఆరనివ్వండి. టైల్ నిమిషాల్లో ఆరుతుంది గానీ గ్రౌట్ ఆరదు.

ప్రైమర్ (రంగుకి పట్టు ఇచ్చే అడుగు పూత) కొనేటప్పుడు డబ్బా మీద మెరుపు టైల్స్‌కి పనికొస్తుందని స్పష్టంగా రాసి ఉండాలి. రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్, అంటే ఒక డబ్బాలో ప్రైమర్, ఇంకో డబ్బాలో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ వచ్చి వాడే ముందు కలుపుకునేది, అన్నిటికన్నా నమ్మకమైనది. ముందు చిన్న బ్రష్‌తో గీతలన్నీ పూసి, ఆ తడి ఆరకముందే 6 మిల్లీమీటర్ల నూగు ఉన్న రోలర్‌తో టైల్స్ మీద పల్చగా లాగండి. దానిపైన రెండు డబ్బాల ఎపాక్సీ ఫ్లోర్ పెయింట్ రెండు పల్చటి కోట్లు. ఒక్క మందపాటి కోటు వేస్తే పైన చర్మం కట్టి లోపల మెత్తగా ఉండిపోతుంది.

మీ 100 చదరపు అడుగులంటే 9.3 చదరపు మీటర్లు. ఇలాంటి రంగులు సాధారణంగా లీటరుకి 8 నుంచి 10 చదరపు మీటర్లు వస్తాయి. రోలర్ తాగేది, గీతల్లోకి పోయేది కలుపుకుని ప్రైమర్ ఒకటింబావు లీటరు, రంగు రెండున్నర లీటర్లు తెచ్చుకోండి. మీ డబ్బా మీద వేరే లెక్క ఉంటే దాన్నే పాటించండి. దూరపు మూలలో మొదలుపెట్టి గుమ్మం వైపు వెనక్కి రండి. సాల్వెంట్ (మండే ద్రావకం) ఉన్న రంగైతే కిటికీలు తెరిచి, పొయ్యి కట్టేసి పనిచేయండి.

ప్రశ్న: ఆరు నెలల క్రితం రంగు వేయించాం. ఇప్పుడు సింక్ ముందు పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. మీద ఇంకో కోటు వేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. కొత్త కోటు పాత పెచ్చును పట్టుకుని దానితోపాటే లేచిపోతుంది. ఒక పెచ్చు తీసి వెనక్కి తిప్పి వెలుతురులో చూడండి, కారణం అక్కడే కనిపిస్తుంది. వెనకవైపు అద్దంలా నున్నగా మెరుస్తుంటే టైల్‌ను సరిగ్గా రుద్దలేదని. గాజు నునుపు ఎలా ఉందో అలాగే పెచ్చు మీద అచ్చు పడింది. వేలికి జిడ్డు తగిలితే కడగడం చాలలేదు. తెల్లటి పొడి ఉంటే కింద నుంచి తేమ ఉప్పును మోసుకొస్తోంది. ప్రైమర్ టైల్ మీదే ఉండి పైరంగు మాత్రమే లేస్తే రెండు కోట్ల మధ్య తప్పు జరిగింది.

ఈ చివరి తప్పు కాస్త వివరంగా చెప్పాలి. ఎపాక్సీ మీద రెండో కోటు వేయడానికి ఒక గడువు ఉంటుంది. డబ్బా మీద గంటల్లో రాస్తారు. ఆ లోపల వేస్తే కింది కోటు ఇంకా పూర్తిగా గట్టిపడదు కాబట్టి రెండూ ఒకటైపోతాయి. గడువు దాటితే కింది కోటు కూడా గాజులాగే అవుతుంది. అప్పుడు దాన్ని 180 లేదా 220 నంబరుతో తేలిగ్గా రుద్దక తప్పదు. ముసురు పట్టిన రోజుల్లో ఇంకో చిక్కు ఉంది. హార్డెనర్ గాలిలోని తేమతో, కార్బన్ డై ఆక్సైడ్‌తో కలిసి పైన సబ్బులాంటి పల్చటి పొర కడుతుంది. చూస్తే మసకగా, ముట్టుకుంటే జారుడుగా ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లు, స్పాంజితో తుడిస్తే పోతుంది. తుడవకుండా మీద రంగు వేస్తే మాత్రం పెచ్చు ఖాయం.

లేచిన చోట గట్టిగా ఉన్న అంచు దొరికే దాకా గీకండి. మాస్కింగ్ టేపు అతికించి ఒక్కసారిగా లాగితే రంగు రాకూడదు, అక్కడ ఆగండి. అంచును రుద్ది పల్చన చేసి, కారణాన్ని బట్టి కడిగి, ప్రైమర్‌తో మొదలుపెట్టండి. గది నిండా టేపుకి రంగు ఊడుతుంటే మొత్తం తీయడమే మంచిది.

ప్రశ్న: రెండు డబ్బాల రంగు మొత్తం ఒకేసారి కలిపాను. అరగంటకే డబ్బా చెయ్యి పెట్టలేనంత వేడెక్కి రంగు గడ్డకట్టింది. సరుకు చెడ్డదా?

జవాబు: సరుకులో లోపం లేదు. రెండూ కలిశాక జరిగే రసాయన చర్యలో వేడి పుడుతుంది. డబ్బాలో ముద్దగా ఉంటే ఆ వేడి బయటికి పోదు, వేడికి చర్య ఇంకా వేగమవుతుంది. కలిపిన రంగును వెంటనే వెడల్పాటి రోలర్ ట్రేలో పోయండి, ఎక్కువ సేపు ఆగుతుంది. ఒక్కడే పనిచేస్తే సగం చొప్పున కలపండి. కానీ పాళ్లు కంటితో వేయకూడదు, కొలిచే కప్పు కావాలి. హార్డెనర్ కాస్త ఎక్కువేస్తే తొందరగా గట్టిపడుతుందని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. పాళ్లు తప్పితే కొన్నిచోట్ల ఎప్పటికీ జిగటగానే ఉండిపోతుంది. 3 నుంచి 5 నిమిషాలు అడుగు, అంచులు గీకుతూ కలిపి, మరో ఖాళీ డబ్బాలోకి వంపి ఇంకో నిమిషం కలపండి. అంచుకి అంటుకుని కలవకుండా మిగిలిన రంగు నేల మీదికి వస్తే అక్కడ ఆరదు. చేతులకి నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. ఎపాక్సీ పదేపదే చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు, వచ్చాక మళ్లీ పోదు.

ప్రశ్న: బాత్రూమ్ నేలకి, షవర్ కింద కూడా వేయొచ్చా?

జవాబు: బాత్రూమ్‌లో పొడిగా ఉండే భాగానికి వేయొచ్చు. షవర్ కింద వద్దని గట్టిగా చెబుతున్నాం. రోజూ నీళ్లు నిలిచేచోట గ్రౌట్ గీతల్లోంచి, నీళ్లు పోయే జాలీ అంచుల్లోంచి తడి రంగు కిందికి చేరుతుంది. అక్కడ టైల్స్ మార్చుకోవడమే దారి. పొడి భాగంలో కూడా చివరి కోటులో జారకుండా ఉండే సన్నటి పొడి కలపండి. అల్యూమినియం ఆక్సైడ్ అయినా, పాలిమర్ పూసలైనా సరే. పొడి అడుగుకి దిగిపోతుంది కాబట్టి ట్రేలో మాటిమాటికీ కలుపుతూ ఉండాలి. లేకపోతే ఒక మూల గరుగ్గా, ఇంకో మూల నున్నగా వస్తుంది.

ప్రశ్న: టైల్ గీతలు కనబడకుండా నేలంతా ఒకే పలకలా చేయొచ్చా?

జవాబు: రంగుతో కాదు. రెండు మూడు కోట్లు కలిపినా మిల్లీమీటరులో ఐదో వంతు రాదు, గీతలోమో 2, 3 మిల్లీమీటర్ల లోతుంటాయి. ఎపాక్సీ ఫిల్లర్‌తో గీతలు నింపి, రుద్ది, ఆపైన రంగు వేయాలి. శ్రమ రెట్టింపవుతుంది. పైగా టైల్స్ ఏ కాస్త కదిలినా నింపిన గీత పైకి తేలుతుంది. గీతల్ని ఉంచేసి, టైల్ కన్నా కాస్త ముదురు రంగు ఎంచుకోవడమే మా సలహా.

ప్రశ్న: తెల్లరంగు మీద స్టెన్సిల్ పూలు వేయాలనుంది. తెలుపు పసుపెక్కుతుందని విన్నాను.

జవాబు: ఎపాక్సీ ఎండ తగిలితే పసుపెక్కుతుంది. నూనె ఆధారమైన పాలియురెథేన్ క్లియర్ కోటైతే (రంగులేని పైపూత) ఎండ లేకపోయినా పసుపెక్కుతుంది. తెలుపు కావాలంటే పైన నీటి ఆధారమైన పాలియురెథేన్ రెండు కోట్లు వేయండి. కింది కోటు ఆరాకే వేయాలి, డబ్బా మీది గడువు దాటితే ముందు తేలిగ్గా రుద్దాలి. స్టెన్సిల్‌కి గది మధ్య బిందువు పట్టుకుని చాక్‌పీస్ దారంతో రెండు గీతలు కొట్టి అక్కడ్నుంచి బయటికి రండి. గోడ దగ్గర మొదలుపెడితే గోడలు సూటిగా లేని గదుల్లో వరుస ఎదురుగోడ చేరేసరికి ఒంకరవుతుంది. బ్రష్ మీద రంగు దాదాపు లేనట్టే ఉండాలి. ముంచి, పాత గుడ్డ మీద రెండుసార్లు ఒత్తి, అప్పుడు నిలువుగా తట్టండి. లాగితే రంగు స్టెన్సిల్ రేకు కిందికి చొరబడి పువ్వు అంచు చెరుగుతుంది.

ప్రశ్న: రంగు వేసి రెండు రోజులైంది. బీరువా, డోర్‌మ్యాట్ వేసేయొచ్చా?

జవాబు: 24 గంటలకి ఉత్తకాళ్లతో తిరగొచ్చు. 72 గంటలకి తేలికైన కుర్చీలు ఎత్తి పెట్టండి, ఈడ్చొద్దు. బీరువాకి 7 రోజులు ఆగండి. చలికాలమైతే ఇంకో రెండు మూడు రోజులు. రబ్బరు అడుగున్న మ్యాట్ ఆ వారంలోనే కాదు, ఎప్పుడూ వేయకండి. రబ్బరులోని రసాయనాలు రంగులోకి దిగి గోధుమ మచ్చ పడుతుంది, తుడిస్తే పోదు. గుడ్డ మ్యాట్ వాడండి. కుర్చీ కాళ్లకి ఫెల్ట్ ప్యాడ్లు అంటించండి. తుడవడానికి ఘాటు లేని సబ్బునీళ్లు చాలు. గీకే పొడి, స్టీలు పీచు తగలనివ్వకండి.

ఏదైనా బరువైన వస్తువు పడి రంగు లేస్తే అదేరోజు సరిచేసుకోవడం మంచిది, ఆలస్యమైతే తుడిచే నీళ్లు ఆ అంచు కిందికి పోతాయి. అందుకోసం మిగిలిన రంగులో ఒక పావు లీటరు దాచండి. రెండు భాగాలూ కలపకుండా విడివిడిగా, మూతలు బిగించి, మీద తేదీ, కలిపే పాళ్లు రాసి పెట్టుకోండి.